నేను లేవని ఆదివారం

ఈ సాయంత్రం పాపకు తల దువ్వుతున్నాను. మూడేళ్ల పిల్ల. నా ఒళ్లో వెనక్కి వాలి కూర్చుని, దువ్వెన చిక్కులో పడినప్పుడల్లా నా మోకాలు గట్టిగా పట్టుకుంటోంది. ఎనిమిదేళ్ల నా కూతురు గడప మీద కూర్చుని చాప అంచు నుంచి ఈనె ఒకటి పీకుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"అమ్మా, రేపు చర్చిలో నేను లెయ్యకపోతే ఏమైతాది?"

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. పక్కనే మావారు లాంతరు గాజు తుడుస్తున్నారు. ఆయనకు ఆ ప్రశ్నలో ఏమీ వినిపించలేదు. పాస్టరు గారు వచ్చి చెవి పట్టుకుని లేపుతారులే అని నవ్వారు. నా కూతురు నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. ఆ గొంతు నాకు తెలుసు. అది తొమ్మిదేళ్లప్పటి నా గొంతు.

పాప మా కడుపున పుట్టిన పిల్ల కాదు. పలకల గని దగ్గర గుడిసెల్లో ఉండే తల్లి జ్వరంతో పోతే, మూడు నెలల కింద చర్చి సంఘం వాళ్లు మా ఇంట్లో పెట్టారు. రేపు ఆదివారం ఈ పాపను ఏ ఇల్లు సొంతం చేసుకుంటుందని పాస్టరు గారు అడుగుతారు. మేం లేచి నిలబడాలని మావారు, నేను ఎప్పుడో అనుకున్నాం. పిల్లల్ని అడగాలన్న ఆలోచన మాకు రాలేదు.

ఇప్పుడు నా పిల్లలిద్దరూ, పాపా ముగ్గురూ నిద్రపోయారు. లాంతరు ఒత్తి తగ్గించుకుని ఇది రాస్తున్నాను. గుంటూరు కాలేజీలో వ్యాసాలు రాయడం నేర్పారు గాని, సొంత సంగతి రాసుకోవడం ఎవరూ నేర్పలేదు. పొద్దున లేవగానే నా కూతురికి జవాబు చెప్పాలి. దానికి ముందు, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి కాగితం మీదైనా చెప్పుకోవాలి.

మాది పలకల ఊరు. సందుల్లో, ఇళ్ల పునాదుల్లో, పెంటదిబ్బల మీద ఎక్కడ చూసినా విరిగిన పలకరాయి ముక్కలే. చెప్పుల్లేని మా కాళ్లకు ఆ ముక్కల అంచులు బాగా అలవాటు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ రాయి పెనంలా కాలేది. మొదటి చినుకులు పడినప్పుడు దాని నుంచి లేచే వాసన, కడిగిన పలక మీద ఊదినప్పుడు వచ్చే వాసన ఒకటే. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. చర్చి వెనక వరసలో మూడు గదుల ఇల్లు మాది. అమ్మ, నాయన, నాయనను కన్న మా అవ్వ, నేను. నా తర్వాత పుట్టినవాళ్లు ఎవరూ బతకలేదు. కాబట్టి ఆ ముగ్గురూ నాకే. అది దేవుడి ఏర్పాటని నేను నమ్మేదాన్ని.

తల్లిదండ్రులు లేని పిల్లలు మా సంఘంలో ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉండేవారు. కలరా వచ్చిన ఏడాది ఇంకా ఎక్కువ. ఎక్కడో దూరాన ఉన్న అనాథాశ్రమానికి పంపుదామని మిషన్ దొరసాని అంటే మా పెద్దవాళ్లు ఒప్పుకోలేదట. మన బిడ్డలు మన పొయ్యిల కాడే పెరగాలన్నారట. అందుకని ఇళ్లన్నీ వంతులు వేసుకున్నాయి. ఒక్కో ఇంట్లో మూడు నెలలు. ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక ముంత ఉండేది. గింజలు కడగబోయే ముందు అందులో నుంచి ఒక పిడికెడు తీసి అమ్మ ముంతలో వేసేది. కొర్రలు వండే రోజు కొర్రలు, జొన్నలు వండే రోజు జొన్నలు. ఆదివారం ఆడవాళ్లందరూ ముంతలు తెచ్చి చర్చిలో పరిచిన దుప్పటి మీద కుమ్మరించేవారు. ఆ కుప్ప వంతు పిల్ల ఉన్న ఇంటికి పోయేది. అందుకే వంతు పిల్ల ఉన్న ఇంట్లో కూడు ఎవరికీ నచ్చేది కాదు. సగం గింజలు ఉడికి మెత్తబడేసరికి మిగతా సగం పలుకుగానే ఉండేవి.

వంతు పిల్లను ఏదైనా ఇల్లు ఎప్పటికీ ఉంచుకోవాలనుకుంటే, పంటలు ఇంటికి చేరాక జరిగే కోత పండుగ ఆదివారం నాడు ఆ ఇల్లు మొత్తం చర్చిలో లేచి నిలబడాలి. ఇంటి యజమాని ఒక్కడు లేస్తే చాలదు. ఎప్పుడో ఒకాయన ఇంట్లో ఎవరినీ అడక్కుండా ఒక పిల్లవాణ్ణి తెచ్చుకుంటే, ఆయన భార్య తన పిల్లలకు అన్నం, వాడికి గంజి పోసిందట. అప్పటి నుంచి పెద్దలు ఈ కట్టుబాటు పెట్టారు. ఊహ తెలిసిన పిల్లల నుంచి మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్ల దాకా అందరూ ఎవరంతట వాళ్లు లేవాలి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేపకూడదు. ఒక్కరు కూర్చుండిపోయినా ఆ పిల్ల మరో ఇంటికి వంతు పోవలసిందే.

ఆ పిల్ల మా ఇంటికి వచ్చిన రోజు ముసురు. నాకంటే రెండేళ్లు పెద్దది. చిన్న మూట, అందులో ఒక పావడా, పాత గుడ్డలో చుట్టిన ఒక ఉలి. ఆ ఉలి వాళ్ల నాయనది. ఆయన గనిలో రాళ్లు మీదపడి పోయాడు. తల్లి అంతకుముందే లేదు. మాది ఆ పిల్లకు నాలుగో ఇల్లు.

అమ్మ వేడి సజ్జ సంగటి ముద్దలో గుంట చేసి, శనక్కాయల పచ్చడి వేసి ఇచ్చింది. ఆ పిల్ల ముద్ద ముట్టుకోకుండా అటూ ఇటూ చూసింది.

"అత్తా, మీ ఇంట్లో గిన్నెలు బోర్లిస్తారా, ఎల్లకిల పెడతారా?"

ఎట్ల పెడితే ఏందిలే అంది అమ్మ.

"మొన్నటి ఇంట్లో ఎల్లకిల పెట్టాల. దానికి ముందు ఇంట్లో బోర్లియ్యాల. నేను ఒకసారి మర్చిపోయినా."

మర్చిపోతే ఏం జరిగిందో చెప్పలేదు. అమ్మ పొయ్యి వైపు తిరిగి, మండుతున్న కట్టెలనే మళ్లీ ఎగదోసింది. మూల మంచం మీద నుంచి మా అవ్వ అందుకుంది. "ఈ ఇంట్లో నేను చెప్పినట్ల పెడతారు బిడ్డా. నేను దినానికొక తీరు చెప్తా. నువ్వు కూడు తిను."

ఆ పిల్ల నవ్వింది. పై పన్ను ఒకటి కొంచెం పక్కకు తిరిగి ఉండేది. అవ్వ ఎప్పుడూ నా మీద వేసే జోకుల్లో ఒకటి వేరే పిల్ల మీద వేయడం నేను మొదటిసారి చూశాను. నా సంగటి చల్లారిపోయింది.

రెండు రోజుల్లో మా ఇల్లు దానికి కంఠతా వచ్చేసింది. చీపురు ఏ మూల పెట్టాలో, నాయనకు మజ్జిగలో ఉప్పు ఎంత వేయాలో, అమ్మకు తలనొప్పి వచ్చే ముందు ఏ కన్ను చిట్లిస్తుందో. ఆ మూడోది నాకు తెలియదు. తొమ్మిదేళ్లు ఆ ఇంట్లో ఉండి నాకు తెలియనిది ఆ పిల్లకు రెండు రోజుల్లో తెలిసింది.

అవ్వ కాళ్లు పిసకడం నా పని. ఆ పనంటే నాకు గిట్టేది కాదు. అవ్వ కాళ్లకు ఆముదం వాసన. పది సార్లు పిసికి ఇరవై అయ్యాయని చెప్పి పారిపోయేదాన్ని. ఆ పిల్ల వచ్చిన వారానికి అవ్వ నన్ను పిలవడం మానేసింది. నేను వెళ్లి మంచం దగ్గర నిలబడితే, "నువ్వు పోయి ఆడుకో తల్లీ, ఆ బిడ్డ పిసికింది" అంది. నాకు ఇష్టం లేని పని నా చేతి నుంచి జారిపోయినందుకు నేను దొడ్లోకి వెళ్లి ఏడ్చాను.

సంగటి కుండ అడుగున మాడు ఉంటుంది కదా, కరకరలాడుతూ, కొంచెం పొగ వాసనతో. అది నాదే. అమ్మ దాన్ని గరిటెతో గీకి రెండు ముక్కలు చేయడం మొదలుపెట్టింది. ఆ పిల్ల తన ముక్క చూసుకుని, నా ముక్క చూసి, పెద్దది నాకిచ్చి చిన్నది తీసుకునేది. నాకు ఒళ్లు మండేది. నా మాడు నాకు ఇవ్వడానికి ఆ పిల్లెవరు? అమ్మ మాత్రం ఆ పిల్ల తల నిమిరేది.

ఒకరోజు దాని ముద్దలో గుప్పెడు ఉప్పు కలిపాను. ఆ పిల్ల మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. నా వైపు చూడలేదు. మొత్తం తినేసింది. తర్వాత రెండు చెంబుల నీళ్లు తాగింది. ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగితే, బాగుండాది అత్తా అంది. ఇంకో ఇంటికి పోవడం దానికి ఎంత భయమో నాకు ఆ రోజే అర్థమైంది. ఏం చేసినా నోరెత్తదని కూడా అర్థమైంది. అది తెలిసి సిగ్గుపడి ఉంటే ఈ రాత్రి ఇది రాసేదాన్ని కాదేమో. సిగ్గుపడలేదు. చేతికి ఒక ఆయుధం దొరికినట్టు ఉండింది.

అయినా ఎప్పుడూ శత్రువులమని చెప్పలేను. బడి అయ్యాక మిషన్ కాంపౌండు గోడ ఎక్కి చీమచింతకాయలు కోసుకునేవాళ్లం. తోటమాలి తాత కర్ర పట్టుకుని వస్తే, దొరసాని కోసుకోమన్నదని ఆ పిల్ల మొహం మారకుండా అబద్ధం చెప్పేది. తాత దొరసానిని అడగలేడు, ఆమె ఇంగ్లీషు ఆయనకు, ఆయన తెలుగు ఆమెకు అంతంత మాత్రం. అలా గోడ మీద కూర్చున్నప్పుడే గని సంగతులు చెప్పేది. రాయిలో పొరలుంటాయట. ఉలితో తట్టి చెవి పెట్టి వింటే ఎక్కడ విడదీయాలో రాయే చెబుతుందట. తప్పు చోట కొడితే పలక కాదు, పిండి అవుతుందట.

ఒక ఆదివారం మధ్యాహ్నం దొడ్లో ఒక బండ ముక్క తెచ్చి చేసి చూపించింది. గొంతుకూర్చుని, ఉలి మొనను రాయి అంచు వెంట నెమ్మదిగా తడుముతూ తట్టింది. ఒక చోట ఆగింది. చెవి ఆనించింది. మళ్లీ తట్టింది. రాయి అరటి దొప్ప విడిపోయినంత తేలిగ్గా రెండుగా విడిపోయింది. పెద్దది నాకిచ్చింది. రెండోది అరచేతి అంత ఉంది, అది తనకు ఉంచుకుంది. దొండాకు పసరు, బొగ్గు కలిపి నల్లబడేదాకా ఇద్దరం రుద్దాం. నాయన వచ్చి రెండూ చూశారు. నాది పక్కన పెట్టి, చిన్నదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. బడి పిల్లలందరికీ చూపిస్తానని జేబులో వేసుకున్నారు. నేను లెక్కల్లో ఎన్నో సార్లు మొదట వచ్చాను. నా లెక్కల కాగితం ఆయన ఎప్పుడూ జేబులో వేసుకోలేదు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఒక సాయంత్రం ఆ పిల్ల బావి దగ్గర నుంచి నీళ్ల బిందెతో వస్తూ గడప తట్టుకుని పడింది. పడుతూ "అమ్మా" అంది. దెబ్బ తగిలితే ఎవరైనా అనే మాటే అది. కానీ మా అమ్మ లోపల నుంచి "వస్తాండా, వస్తాండా" అని పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల అత్తా అనడం మానేసింది. అమ్మా అనేది. అమ్మ పలికేది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. నేను రెండు రోజులు మా అమ్మను ఏమనీ పిలవలేదు. అది కూడా ఎవరూ గమనించలేదు.

కోత పండుగకు ముందు దొరసాని ఇచ్చిన పువ్వుల గుడ్డతో అమ్మ దానికి పావడా కుట్టింది. గులాబీ రంగు మీద తెల్ల పువ్వులు. క్రిస్మస్‌కు నీకు కుట్టినా కదా అంది నాతో. నిజమే, కుట్టింది. అయినా పెట్టె అడుగున ఉన్న ఆ గుడ్డను నేను ఎన్నోసార్లు తీసి చెంపకు ఆనించుకున్నాను. దాని మడతల్లో కర్పూరం వాసన నాది.

శనివారం సాయంత్రం అందరం ముందు గదిలో ఉన్నాం. ఆ పిల్లను నీళ్లకు పంపి నాయన చెప్పారు. రేపు మనం అందరం లేచి నిలబడదాం, ఆ బిడ్డ ఇంక ఏ ఇంటికీ పోదు, ఇక్కడే పెరుగుతాది అని. అవ్వ దేవునికి స్తోత్రమంది. "ఏం తల్లీ?" అన్నారు నాయన నా వైపు చూసి. నా నోట్లో బెల్లం ముక్క ఉంది. తలూపాను. ఆయనకు అది చాలు. వీధిలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లిపోయారు.

మర్నాడు చర్చి నిండా పంట వాసన. పచ్చి జొన్న కంకులు కట్టలుగా గోడకు ఆనించారు. గుమ్మడికాయలు, ఎండు మిరపకాయల బుట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. కొత్తగా వేసిన సున్నం వాసన. కీర్తనల మధ్య కోళ్లు కూడా గొంతు కలిపేవి, పిల్లలం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం. మగవాళ్లు ఒక పక్క చాపల మీద, ఆడవాళ్లు మరో పక్క. నేను అమ్మకూ అవ్వకూ మధ్య.

ప్రసంగం అయ్యాక పాస్టరు గారు ఆ పిల్లను ముందుకు పిలిచారు. పువ్వుల పావడా, నూనె పెట్టి గట్టిగా వేసిన జడ. ఆయనకు చూపు తక్కువ, అద్దాల వెనక నుంచి కళ్లు చికిలించి అందరినీ ఒకసారి కలయజూశారు.

"ఈ బిడ్డ కోసం ఏ ఇల్లు నిలబడతాది?"

మగవాళ్ల వైపు నాయన లేచారు. ఇటు అమ్మ లేచింది. అవ్వ రెండు చేతులూ నేలకు ఆనించి, మోకాళ్ల మీదికి వచ్చి, ఆగి, మూలిగి, మళ్లీ లేవడం మొదలుపెట్టింది. చర్చి అంతా అవ్వ కోసం ఆగింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. నేను లేవకూడదని అనుకుని కూర్చోలేదు, ఆ మాట ఒట్టేసి చెప్పగలను. అవ్వ లేచాక లేద్దామనుకున్నాను. అవ్వ లేచింది. సరిగ్గా అప్పుడు ఆ పిల్ల మా అమ్మ వైపు చూసి నవ్వింది. మా అమ్మ కూడా నవ్వింది. నాకు పైన, నా తల మీదుగా, ఒకరిని చూసి ఒకరు. నేను అక్కడ లేను.

నా కాళ్లు చాప మీదే ఉండిపోయాయి.

అమ్మ కిందికి చూసింది. ఆమె చెయ్యి నా భుజం దాకా వచ్చి గాల్లో ఆగింది. కట్టుబాటు గుర్తొచ్చి ఉంటుంది. చుట్టూ ఆడవాళ్ల చీరలు, కొంగులు. నేను కూర్చుని ఉన్నానని అమ్మకు, అవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. ముందు నిలబడిన ఆ పిల్లకు మాత్రం కొంగుల సందులో నుంచి నేను కనిపించాను. మా కళ్లు కలిశాయి. దాని మొహం మీద నవ్వు వెంటనే పోలేదు. కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ పిల్ల రెండు చేతులతో పావడా కుచ్చిళ్లు మోకాళ్ల కిందికి మడుచుకుని, అందరి ముందూ నేల మీద కూర్చుంది.

పాస్టరు గారికి అర్థం కాలేదు. "ఏంది బిడ్డా? లెయ్యి. ఆ ఇంట్లో ఉండవా?"

తల వంచుకుంది. ఆయన మళ్లీ అడిగారు. ఆడవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంత పొగరేందమ్మా అంది ఒకామె. మూడు నెలలు కన్నకూతురి మాదిరి చూసుకుంటే ఇదా అంది ఇంకొకామె. మా అమ్మ నోరు తెరిచింది. నేను చూశాను. మాట పెదవుల దాకా వచ్చింది. నా వైపు చూసింది. నోరు మూసుకుంది. మెల్లగా కూర్చుంది. అటువైపు నాయన ఒక్కరే, ఏం జరిగిందో తెలియక, అందరికంటే ఎక్కువసేపు నిలబడి ఉన్నారు.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. మా అమ్మ ఎంచుకుంది. నన్ను ఎంచుకుంది. ఆ మధ్యాహ్నం కోడికూర, కొర్రన్నం కడుపునిండా తిన్నాను.

మరుసటి రోజు గిద్దలూరు నుంచి వచ్చిన బైబిలమ్మ, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ముసలావిడ, ఆ పిల్లను తనతో తీసుకుపోతానంది. ఎద్దుల బండిలో స్టేషనుకు వెళ్లారు. పువ్వుల పావడా మడిచి మా పెట్టె మీద పెట్టి, వచ్చిన రోజు పావడాతోనే వెళ్లింది. నేను ఆ పువ్వుల పావడా ఎప్పుడూ కట్టుకోలేదు. కట్టుకోమని అమ్మ అననూ లేదు.

నాయన చాలా రోజులు తనలో తనే మాట్లాడుకునేవారు. ఆ బిడ్డకు మనం ఏం తక్కువ చేసినాం, ఎందుకు వద్దనింది అని. పోయేదాకా ఆయనకు నిజం తెలియదు. అవ్వ నాతో కాళ్లు పిసికించుకోవడం మళ్లీ మొదలుపెట్టింది. ఎన్ని సార్లు పిసికినా చాలనేది కాదు, ఆపమనేదీ కాదు. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పది రోజుల తర్వాత నాకు తల దువ్వుతూ ఒక్క మాట అంది.

"నువ్వు లెయ్యలేదని నేను ఎవరికీ చెప్పలే. చెప్పకపోతే నేను గూడా కూచున్నట్లే గదా."

జడ బిగించి, వెళ్లి ఆడుకోమంది. ఆ రోజు నుంచి అమ్మ ముంతలో రెండు పిడికిళ్లు వేయడం మొదలుపెట్టింది. మొదటిది సంఘానికి. రెండోది ఎవరి పేరునో నేను అడగలేదు. ఆ పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు నా ఈర్ష్యకు ఒక మొహం ఉండేది, ఉప్పు కలపడానికి ఒక కంచం ఉండేది. ఇప్పుడు పొద్దునా సాయంత్రం ఒక పిడికిలి ఉంది. దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు కూడా అమ్మ చెయ్యి ముంత వైపు రెండోసారి వెళుతుంటే నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఒక్కసారి కలిశాం. నాకు పదహారేళ్లు. కంభంలో చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసే సభలు. తాటాకు పందిరి కింద వేల మంది, దుమ్ము, పెద్ద గంగాళాల్లో ఉడుకుతున్న పప్పు వాసన. ఆ ముసలి బైబిలమ్మ చేతి సంచి మోసుకుంటూ ఒకమ్మాయి నా ముందు నుంచి వెళ్లి, వెనక్కి వచ్చి నిలబడింది. పక్కకు తిరిగిన ఆ పన్ను చూసి గుర్తుపట్టాను.

"అమ్మ బాగుండాదా?" అంది.

ఏడేళ్లు గడిచాయి. కాలేజీలో చేరబోతున్నాను. అయినా ఆ 'అమ్మ' అనే మాట ఆమెకు ఇవ్వలేకపోయాను.

"మా అమ్మ బాగుంది" అన్నాను. ఆ 'మా'ను ఎంత నొక్కి అన్నానో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆమెకూ వినిపించే ఉంటుంది. అవ్వ పోయిందని చెప్పాను. ఆమె వెళ్లబోతుంటే నేనే ఆపి అడిగాను.

"అప్పుడు నువ్వెందుకు కూచున్నావు?"

"పాస్టరయ్యది పొడుగు ప్రార్థన గదా," అని నవ్వింది. "కాళ్లు నొప్పి పుట్టినాయి."

అంతే చెప్పింది. నన్ను కాపాడిందో, తనను వద్దన్న ఇల్లు తనకూ వద్దనుకుందో నాకు ఈనాటికీ తెలియదు. రెండూ అయి ఉండవచ్చు. అమ్మను అడిగినానని చెప్పు అంది, సంచి భుజానికి ఎత్తుకుంటూ. సరేనన్నాను. ఇంటికి వచ్చాక అమ్మ, సభల్లో మనవాళ్లెవరైనా కనిపించారా అని అడిగింది. రెండుసార్లు అడిగింది. ఎవరూ లేరన్నాను. ఆ తర్వాత రెండేళ్లకు అమ్మ పోయింది, ఆ మాట చేరకుండానే.

నంద్యాలలో ఆమె నర్సు పని చేస్తోందని ఈ మధ్య విన్నాను. రైలెక్కితే అర పూట ప్రయాణం. నేను ఎక్కలేదు.

నా కూతురు చెడ్డది కాదు. దాని ఈర్ష్యకు కారణం ఉంది. పాప రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుందని నా పక్క చోటు పాపకు ఇచ్చాను. దువ్వెన ముందు పాప తలకే. పాప ఏడిస్తే నేను కూడా "వస్తాండా, వస్తాండా" అని పరుగెడుతున్నాను. నాకు కనిపించాల్సింది, మూడు నెలలు కనిపించలేదు. నా కడుపున పుట్టిన పిల్ల రోజూ గడప మీద కూర్చుని నన్ను చూస్తోంది, నేను పాపను చూస్తున్నాను.

రేపు అది కూర్చుండిపోతే పాప ఇంకో ఇంటికి పోతుంది. గిన్నెలు ఎట్లా పెట్టాలో అడగడం కూడా రాని వయసు. ఆ భయం ఉంది. కానీ నన్ను ఇంతసేపు మేలుకోబెట్టింది అది కాదు. నా కూతురు కూర్చుంటే, మా అమ్మలాగే నేను కూడా చుట్టూ చూసి, ఎవరికీ కనిపించలేదు కదా అని నోరు మూసుకుంటానేమో. మూడేళ్ల పిల్ల మీద ఎవరైనా ఏ మాటైనా వేయవచ్చు. ఏడుపుగొట్టు పిల్ల, ఆ ఇంట్లో కుదరలేదు అంటారు. నేను విని ఊరుకుంటానేమో. నా కూతురు ఆ రోజు కోడికూర కడుపునిండా తిని, ఇరవై ఏళ్లు మోస్తుంది.

*

ఇక్కడి నుంచి రాసింది తెల్లారాక, చర్చికి బయల్దేరే ముందు.

పిల్లలిద్దరినీ పొయ్యి ముందు కూర్చోబెట్టుకున్నాను. నా కొడుక్కు ఐదేళ్లు, వాడు చక్కెర అడుగుతున్నాడు. ఇచ్చి, నా కూతురితో చెప్పాను.

"నీకు లెయ్యాలనిపిస్తే లెయ్యి. లేకపోతే కూచో. కూచుంటే నేను కొట్టను. కానీ నా కూతురు కూచుందని నేనే అందరికీ వినపడేటట్ల చెప్తా. చెప్పి నీ పక్కనే కూచుంటా. పాప మీద ఎవరినీ ఒక్క మాట అననియ్యను."

అది చాలాసేపు బూడిదలో వేలితో గీతలు గీసింది. "నీకు నా మీద కోపం రాదా?" అంది.

వస్తాదన్నాను. నేనూ నీ అంత ఉన్నప్పుడు ఒకసారి అట్లనే కూచున్నాను, మా అమ్మకు నా మీద కోపం వచ్చింది, అయినా నన్ను వదిలిపెట్టలేదన్నాను.

ఎందుకు కూచున్నావని నా కొడుకు అడిగాడు.

"మా అమ్మ నాకొక్కదానికే కావాలని."

"మరి నీకొక్కదానికే ఉండిందా?" అంది నా కూతురు.

లేదన్నాను. అప్పుడు ఇద్దరికీ చెప్పాను.

"నంద్యాల్లో మీకొక పెద్దమ్మ ఉండాది. నేను ఆ రోజు కూచున్నందుకు మీరామెను చూడలేదు."